లైంగిక నేరస్థుడు మళ్లీ నేరం చేసే ముప్పు: ఎలా కొలుస్తారు, ఎలా అదుపులో పెడతారు

లైంగిక నేరం రుజువై శిక్ష పడినవాళ్లలో చాలామంది ఏదో ఒక రోజు జైలు గేటు దాటి బయటికి వస్తారు. పదేళ్లకో, ఇరవై ఏళ్లకో. అప్పుడు ఎవరి మీద ఎంత కన్నేసి ఉంచాలి, ఎవరికి ఎలాంటి చికిత్స ఇప్పించాలి, ఎవర్ని ఏ ఇంట్లో ఉండనివ్వకూడదు? కెనడా, ఇంగ్లండ్ పాతికేళ్లకు పైగా ఈ ప్రశ్నల మీద కుస్తీపట్టి, పొరపాట్లు దిద్దుకుంటూ ఒక పద్ధతి తయారుచేసుకున్నాయి. ఆ పద్ధతికి పునాది అయిన విషయం మనకు అంత సులభంగా మింగుడుపడదు. నేరం ఎంత ఘోరమైందన్నది ఒక లెక్క. ఆ మనిషి మళ్లీ నేరం చేసే అవకాశం ఎంతన్నది వేరే లెక్క. శిక్ష వేసేటప్పుడు మొదటిది ముఖ్యం, విడుదలయ్యాక నిఘా పెట్టేటప్పుడు రెండోది ముఖ్యం. రెండిటినీ కలిపేస్తే నిజంగా కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి కళ్లముందే జారిపోతాడు.

ముందు అసలు ఎంతమంది మళ్లీ చేస్తారో చూద్దాం. 2002లో అమెరికా సుప్రీంకోర్టు ఒక తీర్పులో, చికిత్స తీసుకోని లైంగిక నేరస్థుల్లో 80 శాతం దాకా మళ్లీ నేరం చేస్తారన్న అంచనా ఉందని రాసింది. ఆ అంకె ఎక్కణ్నుంచి వచ్చిందని తర్వాత తవ్వితే, ఒక ప్రభుత్వ మార్గదర్శక పుస్తకం మీదుగా 1986 నాటి ఒక పాపులర్ సైకాలజీ పత్రిక వ్యాసం దగ్గర తేలింది. ఆ వ్యాసంలో దానికి ఆధారంగా ఏ లెక్కలూ లేవు. ఇక నిజంగా లెక్కగట్టినవి చూస్తే, కెనడా పరిశోధకులు కార్ల్ హాన్సన్, కెల్లీ మోర్టన్-బోర్గాన్ 2005లో 82 అధ్యయనాలను, 29,450 మంది వివరాలను కలిపి పరిశీలించారు. అయిదారేళ్లలో మళ్లీ లైంగిక నేరంలో దొరికినవాళ్లు 13.7 శాతం. అమెరికా న్యాయశాఖ గణాంక విభాగం 2005లో 30 రాష్ట్రాల జైళ్ల నుంచి విడుదలైనవాళ్లను తొమ్మిదేళ్లు గమనించింది. రేప్, లైంగిక దాడి కేసుల్లో శిక్ష అనుభవించి వచ్చినవాళ్లలో మళ్లీ అవే కేసుల్లో అరెస్టయినవాళ్లు 7.7 శాతం.

ఇవి దొరికినవాళ్ల లెక్కలు మాత్రమే. లైంగిక నేరాల్లో ఫిర్యాదు దాకా వెళ్లేవి కొన్నే, శిక్ష దాకా వెళ్లేవి ఇంకా తక్కువ. అసలు సంఖ్య దీనికంటే ఎక్కువే ఉంటుంది. అయినా ఈ అంకెలకు విలువుంది. ఎవరి వల్ల ముప్పు ఎక్కువ, ఎవరి వల్ల తక్కువ అన్న వరుస వీటి వల్ల తెలుస్తుంది. మొత్తంగా 100కి 14 మంది అంటే అందరూ సమానంగా 14 శాతం ప్రమాదకరమని అర్థం కాదు. కొందరిలో అది ఒకటి రెండు శాతం, మరికొందరిలో 30 దాటుతుంది. ముప్పు అంచనా అంటే ఈ ఇద్దరినీ వేరుచేయడమే.

పది ప్రశ్నల కొలత

ప్రపంచంలో ఎక్కువగా వాడే సాధనం స్టాటిక్-99ఆర్. కెనడాకు చెందిన హాన్సన్, ఇంగ్లండ్‌లో పనిచేసిన డేవిడ్ థార్న్‌టన్ 1999లో దీని మొదటి రూపం తయారుచేశారు. తర్వాత వయసుకిచ్చే మార్కులు సవరించి ఇప్పటి రూపానికి తెచ్చారు. ఇది 18 ఏళ్లు దాటిన మగవాళ్లకు మాత్రమే. అందులో పది అంశాలుంటాయి: విడుదలనాటి వయసు, ఎవరితోనైనా కనీసం రెండేళ్లు దాంపత్యంగా కలిసి ఉన్నాడా, ఈ కేసుతో పాటు లైంగికం కాని హింస కింద కూడా శిక్ష పడిందా, అలాంటి హింసకు ఇంతకుముందు శిక్ష ఉందా, పాత లైంగిక నేరాలు ఎన్ని, మొత్తం ఎన్నిసార్లు కోర్టులో శిక్ష పడింది, ఒంటిమీద చేయి వేయని లైంగిక నేరాలున్నాయా, బాధితుల్లో బంధువులు కానివాళ్లున్నారా, ముక్కూమొహం తెలియనివాళ్లున్నారా, మగవాళ్లున్నారా. మొత్తం స్కోరు మైనస్ 3 నుంచి 12 వరకు ఉండొచ్చు. ఇన్సూరెన్స్ కంపెనీ ప్రీమియం లెక్కగట్టినట్టే, ఇదే రకం వివరాలున్న వేలమందిలో ఏం జరిగిందో చూసి చెప్పే అంచనా ఇది.

ఇద్దరిని ఊహించుకుందాం. మొదటివాడికి 28 ఏళ్లు, పెళ్లి కాలేదు, ఎవరితోనూ కలిసి బతకలేదు. బస్టాపుల్లో, పార్కుల్లో తెలియని ఆడవాళ్ల ముందు బట్టలు విప్పి అసభ్యంగా ప్రవర్తించడం అతని నేరం. ఇలాంటి కేసుల్లోనే గతంలో రెండుసార్లు శిక్ష పడింది. వయసుకు 1, కలిసి ఉన్న అనుభవం లేనందుకు 1, పాత లైంగిక నేరాలకు 2, చేయి వేయని నేరానికి 1, బంధువు కాని బాధితులకు 1, అపరిచితులకు మరో 1. మొత్తం 7. ఇది అన్నిటికంటే పై శ్రేణి. 6, అంతకంటే ఎక్కువ వస్తే సగటు కంటే బాగా ఎక్కువ ముప్పున్నట్టు.

రెండోవాడికి 52 ఏళ్లు. పెళ్లయి పాతికేళ్లు. కన్న కూతురిపై కొన్నేళ్లపాటు అత్యాచారం చేశాడు. ఇంతకుముందు ఏ కేసూ లేదు. 40 దాటి 60 లోపు వయసుకు మైనస్ 1, మిగతా తొమ్మిదింటికీ సున్నాలు. మొత్తం మైనస్ 1. సగటు కంటే తక్కువ శ్రేణి.

ఈ ఫలితం చూసి ఎవరికైనా కడుపు మండుతుంది. కూతురి జీవితాన్ని నాశనం చేసినవాడికి మైనస్ మార్కా? అయితే ఇది శిక్షకు సంబంధించిన మార్కు కాదు. ఆ తండ్రి చేసినదానికి చట్టం వేసే కఠినమైన శిక్ష వేయాల్సిందే. ఈ సాధనం అడిగేది వేరే ప్రశ్న: ఇలాంటి వివరాలున్న వందమందిని వదిలితే అయిదేళ్లలో ఎంతమంది మళ్లీ లైంగిక నేరంలో దొరుకుతారు? మైనస్ 1 దగ్గర అది 2 శాతం. 7 దగ్గర నాలుగో వంతు దాటుతుంది. అలాగని 7 వచ్చినవాడు రేపు రేప్ చేస్తాడనీ కాదు. మళ్లీ బస్టాపులోనే దొరకొచ్చు. ఎంత హాని జరగొచ్చన్నది ఈ స్కోరులో లేదు. అందుకే ఇంగ్లండ్‌లో శిక్ష పడినవాళ్లను బయట పర్యవేక్షించే ప్రొబేషన్ విభాగం మళ్లీ నేరం చేసే అవకాశాన్ని ఒకచోట, తీవ్రమైన హాని జరిగే ముప్పును మరోచోట విడివిడిగా నమోదుచేస్తుంది. రెండో వ్యక్తి విషయంలో ఆ రెండో నమోదుకే ఎక్కువ బరువుంటుంది. హాని జరగగల అమ్మాయి ఎవరో, ఏ ఇంట్లో ఉంటుందో ముందే తెలుసు కాబట్టి ఆ ఇంటికి అతన్ని చేరనివ్వకపోవడమే అక్కడ అసలు పని.

ఈ కొలత కచ్చితత్వం మధ్యస్థం. మళ్లీ నేరం చేసిన ఒకణ్నీ, చేయని ఒకణ్నీ తీసుకుని స్కోర్లు పోలిస్తే, వందలో 70 సార్లు చేసినవాడికే ఎక్కువ స్కోరుంటుంది. బొమ్మాబొరుసు వేస్తే 50 సార్లు. నాణెం కంటే ఎంతో మేలు, జరగబోయేది కచ్చితంగా చెప్పడానికి మాత్రం చాలా దూరం. 7 వచ్చిన వందమందిలో 70కి పైగా అయిదేళ్లలో మళ్లీ దొరకరు. వాళ్లెవరో, ఆ మిగతావాళ్లెవరో ఈ సాధనం చెప్పలేదు. దీన్ని చూసి ఒక మనిషిని జీవితాంతం లోపలే ఉంచేయమనే లాయరుకీ, దీన్ని చూపించి నా క్లయింటు నిర్దోషి అనే లాయరుకీ ఇది ఉపయోగపడకూడదు.

మన దగ్గర వాడితే ఏం తేడా వస్తుంది

ఈ పది ప్రశ్నల్ని తెచ్చి తెలుగు నేల మీద పెడితే కొన్నిచోట్ల తడబడతాయి. బంధువు ఎవరన్నదానికి ఈ సాధనం నియమం ఏమిటంటే, సాధారణంగా పెళ్లి నిషిద్ధమైనంత దగ్గరి చుట్టరికం ఉండాలి. ఉదాహరణల్లో తల్లిదండ్రులు, తాతలతో పాటు మామయ్య కూడా ఉంటాడు. మేనమామకు అక్క కూతుర్నిచ్చి చేసే ఆచారం ఉన్న ఇంట్లో మేనమామ చేసిన నేరానికి ఏ మార్కు వేయాలి? నియమాన్ని అక్షరాలా పాటిస్తే బంధువు కానివాడవుతాడు, దాని ఉద్దేశం పాటిస్తే బంధువే. ఒక్క మార్కు తేడాతో శ్రేణి మారిపోవచ్చు. రెండేళ్ల దాంపత్యం ప్రశ్నా అంతే. ఇంట్లోవాళ్లు కుదిర్చి పెళ్లి చేసే సమాజంలో, మనిషితో సన్నిహితంగా మెలగగలిగే స్వభావం లేనివాడు కూడా ఆ ప్రశ్నలో సులువుగా పాసైపోతాడు. గతంలో ఎన్నిసార్లు శిక్ష పడిందన్న ప్రశ్న ఏళ్ల తరబడి కేసులు నలిగే మన కోర్టుల్లో అసలు గతాన్ని తక్కువ చేసి చూపిస్తుంది. విదేశీ శాతాలను యథాతథంగా మన జైళ్లకు అతికించడం అందుకే తప్పు. మన లెక్కలు మనమే సేకరించి, ఇక్కడి స్కోర్లను ఇక్కడి ఫలితాలతో సరిచూసుకోవాలి.

పశ్చాత్తాపం కొలబద్ద కాదు

శిక్ష తగ్గించాలన్నా, పెరోల్ ఇవ్వాలన్నా అందరూ ముందు చూసేది పశ్చాత్తాపం. ఏడ్చాడా, తప్పు ఒప్పుకున్నాడా, బాధితురాలి మీద జాలి చూపించాడా? 1998లోనూ 2005లోనూ వచ్చిన పెద్ద విశ్లేషణల్లో నేరాన్ని ఒప్పుకోకపోవడానికీ, బాధితులపై జాలి లేకపోవడానికీ, మళ్లీ లైంగిక నేరం చేయడానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనిపించలేదు. బాగా ఏడ్చేవాడు సురక్షితం అనుకోవడం ఎంత పొరపాటో, ఒప్పుకోనివాడు ప్రమాదకరం అనుకోవడమూ అంతే పొరపాటు. గట్టి సంబంధం కనిపించినవి రెండు: పిల్లలపై కోరికలాంటి అసహజమైన లైంగిక ఆసక్తి ఒకటి; చట్టం, కట్టుబాటు, ఎదుటివాడు అన్న లెక్కలేని స్వభావం రెండోది. సెక్స్ ఆలోచనల్లోనే మునిగి ఉండడం, తన మీద తనకు అదుపు లేకపోవడం కూడా వీటి పక్కనే వస్తాయి.

అనుభవజ్ఞుడైన నిపుణుడు మనిషితో మాట్లాడి అంచనా వేయలేడా అని అడగొచ్చు. 2009లో వచ్చిన విశ్లేషణలో నిపుణుల స్వేచ్ఛా నిర్ణయాల కంటే నిర్ణీత ప్రశ్నల స్కోర్లే స్పష్టంగా మెరుగ్గా పనిచేశాయి. నిపుణులు స్కోరు వచ్చాక తమ అనుభవం జోడించి దాన్ని పెంచడం, తగ్గించడం చేసినప్పుడు కూడా కచ్చితత్వం పెరగలేదు.

ప్రతి కలయికలో ఏం చూడాలి

స్టాటిక్-99ఆర్ చూసేవన్నీ జరిగిపోయినవి. గతం మారదు, వయసు తప్ప. చికిత్స ఎక్కడ మొదలుపెట్టాలో, ఈ వారం పరిస్థితి ఎలా ఉందో అది చెప్పలేదు. దానికోసం కెనడాలో ప్రొబేషన్ అధికారులతో కలిసి రూపొందించినవి స్టేబుల్-2007, అక్యూట్-2007.

స్టేబుల్‌లో 13 అంశాలు, ఒక్కోదానికి 0 నుంచి 2 మార్కులు. చుట్టూ ఉన్న మనుషులు మంచివైపు లాగుతున్నారా, చెడువైపా? ఆడవాళ్ల మీద కసి ఉందా? సమస్య వస్తే ఆలోచించి పరిష్కరించుకుంటాడా? కష్టం వచ్చినప్పుడల్లా సెక్స్‌లో ఉపశమనం వెతుకుతాడా? పెద్దవాళ్లకంటే పిల్లలతోనే మనసు కలుస్తుందా? ఇవి నెలల మీద నెమ్మదిగా మారేవి. చికిత్సలో పట్టుకోవాల్సినవి ఇవే. మొత్తం 12, అంతకంటే ఎక్కువ వస్తే అవసరాలు ఎక్కువున్నట్టు.

అక్యూట్‌లో ఏడే అంశాలు. బాధితులు కాగలవాళ్లు అందుబాటులో ఉన్నారా, కోపం, సెక్స్ ఆలోచనల్లో మునిగిపోవడం, పర్యవేక్షణను తోసిపుచ్చడం, మానసికంగా కుప్పకూలడం, అండగా ఉన్నవాళ్లు దూరమవడం, తాగుడు లేదా మత్తు. అధికారి ప్రతి కలయికలోనూ వీటిని చూసి మార్కులేస్తారు. సున్నా, ఒకటి, రెండు తర్వాత నాలుగోది "ఇప్పుడే జోక్యం చేసుకో" అన్న హెచ్చరిక.

గదిలో అది ఇలా ఉంటుంది. పదేళ్ల అబ్బాయిపై నేరానికి శిక్ష అనుభవించి వచ్చినవాడు ఎదురుగా కూర్చున్నాడనుకుందాం. "ఎలా ఉన్నావు" అని అడిగితే "బాగున్నాను" అనే జవాబొస్తుంది. అందుకని అడగాల్సినవి వేరు. పోయిన ఆదివారం ఎక్కడున్నావు? పనిలో కొత్తగా ఎవరు పరిచయమయ్యారు? వాళ్లకు పిల్లలున్నారా? కొత్తగా పరిచయమైన ఒంటరి తల్లి ఇంట్లో ఫ్యాను బిగించడానికి వెళ్లాడని తెలిస్తే, ఆ ఒక్క మాట మిగతా ఆరింటినీ పక్కకు నెడుతుంది. అతను మంచి పనే చేశానంటాడు, నిజంగా అలాగే నమ్ముతూ ఉండొచ్చు కూడా. ఆ ఇంటికి మళ్లీ వెళ్లకూడదన్న ఆంక్ష, ఆ తల్లికి విషయం చేరవేయడం, వారంలో ఇంకోసారి కలవడం అదే రోజు నిర్ణయమవ్వాలి. సాధారణంగా జరిగే పొరపాటు ఏమిటంటే, అధికారి చేతిలో వందమంది ఫైళ్లుంటే ఈ ప్రశ్నలు సంతకం తీసుకునే తంతుగా మారిపోతాయి.

ఇంగ్లండ్, వేల్స్‌లో 2001 నుంచి పోలీసు, ప్రొబేషన్ విభాగాలు, ఆ తర్వాత జైలు విభాగం కూడా చట్టబద్ధంగా కలిసి కూర్చుని ఇలాంటి కేసులు చూస్తాయి. మాపా అంటారు దాన్ని. మూడు అంచెలుంటాయి. ఎక్కువమంది మొదటి అంచెలోనే, ఒకే విభాగం పర్యవేక్షణలో ఉంటారు. ఉన్నతాధికారులు స్వయంగా కూర్చునే మూడో అంచెకు వెళ్లేవాళ్లు కొద్దిమందే. మొత్తం బలగాన్ని అందరి మీదా సమానంగా పరిస్తే ఎవరి మీదా గట్టిగా పడదు.

చికిత్స: పనిచేసిందీ, బెడిసికొట్టిందీ

2009లో హాన్సన్ బృందం 23 అధ్యయనాలు కలిపి చూసింది. చికిత్స తీసుకున్నవాళ్లలో 10.9 శాతం, తీసుకోనివాళ్లలో 19.2 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. మూడు సూత్రాలు పాటించిన కార్యక్రమాలే బాగా పనిచేశాయి. ముప్పు ఎక్కువున్నవాళ్లకే ఎక్కువ గంటలు ఇవ్వాలి, నేరానికి దారితీసే అంశాల మీదే పనిచేయాలి, మనిషి చదువుకూ తెలివికీ తగ్గట్టు చెప్పాలి.

ఆ తర్వాత 2017లో ఇంగ్లండ్ నుంచి పెద్ద షాక్ వచ్చింది. అక్కడి జైళ్లలో పాతికేళ్లు నడిచిన ప్రధాన చికిత్సా కార్యక్రమాన్ని 2,562 మందిపై పరీక్షించి, చికిత్స లేని 13,219 మందితో పోల్చారు. సగటున ఎనిమిదేళ్లకు చికిత్స పొందినవాళ్లలో 10 శాతం, పొందనివాళ్లలో 8 శాతం మళ్లీ లైంగిక నేరం చేశారు. మేలు చేయకపోగా తేడా వ్యతిరేక దిశలో ఉంది. ప్రభుత్వం ఆ కార్యక్రమాన్ని ఆపేసి, హొరైజన్, కైజెన్ అనే కొత్తవి తెచ్చింది. గుంపులో కూర్చోబెట్టి ఒక్కొక్కరి చేత నేరం వివరంగా చెప్పించడం వల్ల వినేవాళ్లకు అది మామూలు విషయంగా అనిపించి ఉండొచ్చన్నది పరిశోధకులు సూచించిన కారణాల్లో ఒకటి. తప్పు ఒప్పించడం మీద అంత శ్రమ పెట్టడం ఎందుకు వృథానో పశ్చాత్తాపం గురించిన లెక్కలే చెబుతున్నాయి.

హార్మోన్లు తగ్గించే మందులు కూడా ఉన్నాయి. కోరిక అదుపు తప్పిన కొద్దిమందికి, డాక్టరు పర్యవేక్షణలో, వాళ్ల ఇష్టంతో ఇస్తే ఉపయోగపడతాయి. కోపం, ఆధిపత్యం కోసం దాడి చేసేవాడిని అవి మార్చవు. బలవంతపు రసాయనిక నపుంసకీకరణను 2013లో జస్టిస్ వర్మ కమిటీ తోసిపుచ్చింది, అది సరైన నిర్ణయమే.

అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లు ఇల్లు కొనేముందు లైంగిక నేరస్థుల రిజిస్ట్రీ మ్యాపు చూడడం మామూలే. ఆ చుక్కల్ని చదివే తీరు తెలియాలి. 2006 ఫెడరల్ చట్టం ప్రకారం చేసే మూడు తరగతుల విభజన నేరం పేరును బట్టి ఉంటుంది, ముప్పును బట్టి కాదు. న్యూజెర్సీ, న్యూయార్క్ లాంటి రాష్ట్రాల్లో మాత్రం తరగతిని ముప్పు అంచనా వేసి నిర్ణయిస్తారు. స్కూలుకు ఇంత దూరంలో ఉండకూడదనే ఆంక్షల సంగతి మినసోటా పరిశీలించింది. మళ్లీ లైంగిక నేరం చేసి జైలుకొచ్చిన 224 మంది కేసులు ఒక్కొక్కటిగా చదివితే, అలాంటి ఆంక్ష వల్ల ఆగి ఉండేది ఒక్కటీ లేదు. చాలామంది బాధితుల్ని తెలిసినవాళ్ల ద్వారా, ఇళ్లలోనే చేరుకున్నారు. ఫ్లోరిడాలో మయామీ చుట్టూ 2,500 అడుగుల నిబంధన వల్ల ఉండే చోటు దొరక్క కొందరు వంతెన కింద గుడారాలేసుకున్నారు. ఇల్లూ పనీ లేనివాడు అక్యూట్‌లో అండ పోవడం, మానసికంగా కుప్పకూలడం అన్న రెండు అంశాల్లో ఒకేసారి పైకెళ్తాడు.

ముప్పు కాలంతో తగ్గుతుంది కూడా. 7,740 మందిపై 2014లో వచ్చిన అధ్యయనంలో, పై శ్రేణివాళ్లలో విడుదలైన అయిదేళ్లలో 22 శాతం మళ్లీ నేరం చేశారు. అదే శ్రేణిలో పదేళ్లు ఏ లైంగిక నేరమూ లేకుండా బయట గడిపినవాళ్లలో అది 4.2 శాతానికి పడిపోయింది. ఇంగ్లండ్‌లో జీవితాంతం పేరు నమోదైన పెద్దవాళ్లు 15 ఏళ్ల తర్వాత సమీక్ష కోరవచ్చు.

పిల్లల విషయం పూర్తిగా వేరు. 18 ఏళ్ల లోపు చేసినవాళ్లలో మళ్లీ చేసే శాతం మొత్తంగా 5కి లోపే. పెద్దల సాధనాలు వాళ్లకు వాడకూడదు. మన జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 15 కింద 16-18 ఏళ్లవాళ్లకు చేసే ప్రాథమిక అంచనా మానసిక, శారీరక సామర్థ్యాన్నీ, పర్యవసానాలు అర్థమయ్యాయా అన్నదాన్నీ చూస్తుంది. దాన్ని ముప్పు అంచనాగా చదివితే తప్పే.

మన దగ్గర ఏముంది, ఏం లేదు

2018 సెప్టెంబరు 20న కేంద్ర హోంశాఖ లైంగిక నేరస్థుల జాతీయ డేటాబేస్ మొదలుపెట్టింది. మొదలైననాడే 4.4 లక్షల పేర్లున్నాయి. పోలీసులు, దర్యాప్తు సంస్థలే చూడగలరు. దర్యాప్తులో అనుమానితుల్ని వెతకడానికి అది పనికొస్తుంది. విడుదలైనవాణ్ని నెలనెలా కలిసి అడిగే అధికారి మాత్రం ఏ జిల్లాలోనూ ప్రత్యేకంగా లేడు. పూర్తి శిక్ష అనుభవించినవాడు గేటు దాటాక సాధారణంగా ఎవరికీ జవాబు చెప్పనక్కర్లేదు. మన రేప్ కేసుల్లో నిందితుడు బాధితురాలికి తెలిసినవాడే అయినవి 90 శాతం పైగా. వాటిలో చాలావాటికి ఊరంతటినీ గాలించే డేటాబేస్ కంటే, నిందితుడు ఏ ఇంటికి తిరిగి వెళ్తున్నాడో బాలల సంక్షేమ కమిటీకి ముందే తెలియడం ఎక్కువ రక్షణ. అతను విడుదలయ్యే తేదీ జైలు నుంచి కమిటీకి, కమిటీ నుంచి బాధితురాలి కుటుంబానికి వెళ్లాలి. దానికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు, ఒక ఉత్తరం చాలు.

కోర్టుల్లో తలుపు కొంచెం తెరుచుకుంది. మరణశిక్ష వేయాలంటే నిందితుడు మారే అవకాశం లేదని ప్రభుత్వమే సాక్ష్యంతో చూపాలని 1980లో బచన్ సింగ్ కేసు తీర్పు చెప్పింది. మరణశిక్ష కేసుల్లో మానసిక పరిశీలన నివేదిక తగిన దశలో కోర్టు ముందుంచాలని 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. ఆ నివేదికల్లో జైల్లో నడవడి బాగుంది, పశ్చాత్తాపం ఉంది అని రెండు ముక్కలు రాస్తే ఉపయోగం లేదు. బాధితురాలికి అతను నేరానికి 24 గంటల ముందు తెలుసా, పాత ఫిర్యాదులు శిక్ష దాకా వెళ్లకపోయినా ఎన్ని ఉన్నాయి, తాగుడు ఎప్పుడు మొదలైంది, ఎవరితో ఉంటున్నాడు, విడుదలైతే ఆ ఇంట్లో పిల్లలెవరున్నారు: ఇవి స్టేషన్‌లో ఛార్జిషీటు రాసేటప్పుడే, జైల్లో చేర్చుకునేటప్పుడే అడిగి రాసిపెట్టుకోదగ్గ వివరాలు. పదేళ్ల తర్వాత అడిగితే చెప్పేవాళ్లు దొరకరు.